పాలు పొంగిన చోట

మా గురువుగారిని ఎవరేం అడిగినా ముందు "కాఫీ తాగావా?" అనేవారు. తాగానంటే "ఇంకోసారి తాగు" అనేవారు. ఆ కాఫీ వచ్చేలోగా అడిగినవాడికే తన ప్రశ్న చప్పబడిపోవాలని ఆయన ఆశ. చప్పబడకపోతే మాత్రం జవాబు చెబుతారా అంటే అదీ లేదు. "ఆదివారం రా, చూద్దాం" అంటారు. ఆయన దగ్గర సంగీతం నేర్చుకున్న మాకందరికీ ఈ "చూద్దాం" వింటే ఒళ్లు మండేది. ఏదో ఒకటి నోటితో చెప్పెయ్యొచ్చు గదా మహానుభావుడు! కాని చూద్దాం అన్నాక ఏమీ చూపించకుండా పంపిన రోజు కూడా లేదు, అది ఒప్పుకోవాలి. మాతోపాటు నేర్చుకున్న హైమ అడిగినదానికి ఏం చూపించారో చెబుతాను.

ఆయన పేరు యజ్ఞేశ్వరం గారు. బందరు బచ్చుపేటలో రెండు గదులూ ఒక వసారా ఉన్న ఇల్లు. ముందు గదిలో చాపలు, ఒక తంబూరా, బల్ల మీద పెద్ద టేప్‌రికార్డరు, గోడ పొడుగునా క్యాసెట్లు. అవేవీ కొన్నవి కావు. రేడియోలో మంచి కచేరీ వస్తుందంటే చాలు, రేడియో ముందు టేప్‌రికార్డరు పెట్టి, ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టి పట్టుకున్నవి. ఎంత బిగబట్టినా ఇల్లు ఇల్లే గదా. ఒక క్యాసెట్లో తోడి రాగం మధ్య కాకి అరుస్తుంది. ఇంకోదాంట్లో మృదంగం ఒక్కటే తనియావర్తనం వాయిస్తుండగా వీధిలో ఉప్పమ్మేవాడు "ఉప్పోయ్" అంటాడు. బయటివాళ్లు విని ముఖం చిట్లించేవారు. మేం మాత్రం అవే విని పెరిగాం.

అన్నిటికన్నా పేరు మోసింది జావళి టేపు. ఎవరో పెద్దావిడ రేడియోలో పాడింది. ఆలస్యంగా ఇంటికొచ్చిన నాయకుణ్ణి నాయిక వాకిట్లోనే నిలదీస్తుంది. చరణంలో, ఇంతసేపూ ఎక్కడున్నావో నిజం చెప్పమని అడుగుతుంది. సరిగ్గా అక్కడ, గురువుగారి భార్య శేషమ్మగారి గొంతు వంటింట్లోంచి ఖంగుమని పడుతుంది: "ఏవండీ, పాలు పొంగుతున్నాయి!" ఆ కేక కింద ఆ పెద్దావిడ ఏం పాడిందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కేక అయిపోయేసరికి ఆవిడ తర్వాతి మాటలో ఉంటుంది. అందుచేత ఆ ఇంటి పద్ధతి, మాకు అదే మా ఇల్లు గనక మా ఇంటి పద్ధతి, ఏమిటంటే, ఆ జావళి ఎవరు పాడినా ఆ చోట ఆగి, ఆ కేక పట్టేంత ఖాళీ వదిలి, మళ్లీ అందుకుంటారు. ఎందుకాగుతున్నామని ఎవరూ అడిగింది లేదు. ఆ కేక కింద ఏదో గొప్ప సంగతి ఉందనీ, అది మనబోటి వాళ్ల గొంతుకు పలికేది కాదనీ నేను నా మటుకు నమ్మాను. శేషమ్మగారికి మాత్రం ఆ టేపంటే ప్రాణం పోయేంత సిగ్గు. అది మొదలవగానే "నా పరువు తియ్యడానికేనా ఇంకా దాచారు" అని పెరట్లోకి వెళ్లిపోయేది.

ఇక హైమ. జువాలజీ చదివింది. చిన్నప్పటినుంచీ సముద్రపు తాబేళ్ల పిచ్చి. కృష్ణ సముద్రంలో కలిసేచోట ఇసుక దిబ్బ ఒకటుంది. చెట్టూ లేదు, చేమా లేదు. శీతాకాలం వెళ్లేవేళ తాబేళ్లు అక్కడికొచ్చి గుడ్లు పెడతాయి. నక్కల పాలు కాకుండా ఆ గుడ్లు ఏరి, కంచె కట్టి, పిల్లలయ్యాక నీళ్లలోకి వదిలే పని. అటవీ శాఖ వాళ్లు ఆ పనికి ఈ పిల్లను తీసుకున్నారు. ఎండలు ముదిరేదాకా అక్కడే తాటాకు పాకలో ఉండాలి. తోడుగా కాపలా దంపతులున్నారు గాని, ఇద్దరూ కలిసి రోజుకి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప అట. కోరుకున్న ఉద్యోగం ఒళ్లోకొచ్చి పడిందని ఎగిరి గంతెయ్యాల్సిన పిల్ల, ఆర్డరొచ్చిన దగ్గర్నుంచీ తిండి మానేసింది.

కారణం ఒక రేకు డబ్బా. ఆ దిబ్బ మీద అగ్గిపెట్టె దగ్గర్నుంచి అప్పడం దాకా అన్నీ తడిసి చెమ్మగిల్లిపోతాయనీ, గాలి చొరబడని డబ్బాలో పెట్టనిదేదీ మిగలదనీ ఆఫీసరు చెప్పాడు. పడవలో ఒక పెట్టె, ఒక డబ్బా మాత్రమే ఎక్కనిస్తారు. బ్యాటరీలతో నడిచే టేప్‌రికార్డరొకటి అక్కడి పాకలోనే ఉందట. హైమ దగ్గర మూత బిగిసే బిస్కెట్ డబ్బా ఉంది. అందులో పది క్యాసెట్లకి మించి పట్టవు. గురువుగారు గోడనున్న వాటిలో ఏవి కావాలంటే అవి పట్టుకుపొమ్మన్నారు. ఇంత గోడలోంచి పది! పొద్దున ఎంచినవి సాయంత్రానికి తీసేసేది. మేం ఊరుకుంటామా, సలహాలకి దిగాం. తపాలాఫీసులో పనిచేసే డానియేలు, చర్చిలో హార్మోనియం వాయిస్తాడు, మాతోపాటే నేర్చుకున్నవాడు. నేను డబ్బాలో పెట్టిన శంకరాభరణం తీసి పక్కన పెట్టి, "ఒంటరి పిల్లకి ఇంత బరువెందుకండీ, జావళీలు పెట్టండి" అన్నాడు. నీకేం తెలుసని నేనన్నాను. మీకేం తెలుసని అతనన్నాడు. మా ఇద్దరి మధ్యా నలిగింది హైమే.

"పోనీ ట్రాన్సిస్టరు పట్టుకెళ్లు, గొడవ వదిలిపోతుంది" అన్నాను విసుగొచ్చి.

"అందులో వాళ్లకిష్టమైనవి వేస్తారండీ, నాకిష్టమైనవి వెయ్యరు" అంది.



ఒక సాయంత్రం గురువుగారి దగ్గర కూర్చుని మొత్తం కక్కేసింది. నేనూ అక్కడే ఉన్నాను. "గురువుగారూ, నాకు నిశ్శబ్దమంటే భయం. నాన్న పోయాక మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఈ ఇంటికి రాబట్టి మనిషినయ్యాను. అక్కడ వినడానికి ఏమీ లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది. ఉన్న పదీ రోజూ వింటే అవి అరిగిపోతాయి. వినకపోతే నేను అరిగిపోతాను. ఏవి తీసుకెళ్లాలో మీరే చెప్పండి. ఆదివారానికి తేలకపోతే ఈ ఉద్యోగం నాకొద్దని చెప్పేస్తాను" అంది. 

"పాడుకోవచ్చు గదమ్మా" అన్నాను నేను.

"నాకేం గుర్తుంటుందండీ? టేపు ముందు నడిస్తే వెనక నడుస్తాను. అది ఆగితే నేనూ ఆగుతాను" అంది.

అదీ నిజమే అనుకున్నాను. గురువుగారి దగ్గర ఒక నియమం ఉంది. టేపు పాడుతుంటే వెనకాలే సన్నగా పాడుకోవాలి. అయ్యాక ఒకరు టేపు లేకుండా పాడాలి. తప్పినవాళ్లు ఆ రోజు చాపలన్నీ దులపాలి. హైమ ఎంత గడుసుదంటే, తన వంతు వచ్చేసరికి పాడకుండానే లేచి చాపలు దులిపేసేది. ఇన్నేళ్లలో ఆ పిల్ల ఒంటరి గొంతు విన్నవాళ్లు లేరు. ఆ ఇంటి చాపలంత శుభ్రమైన చాపలు మాత్రం బందరులో ఎక్కడా లేవు.

గురువుగారు అంతా విన్నారు. "కాఫీ తాగావా?" అన్నారు.

"తాగానండీ. రెండుసార్లు."

"అయితే ఆదివారం డబ్బా పట్టుకురా, చూద్దాం."

నాకు మండుకొచ్చింది. పిల్ల అంత బాధపడుతుంటే ఈ చూద్దాం ఏమిటని వీధి గుమ్మం దాకా సణుక్కుంటూ వెళ్లాను. గురువుగారికి వినపడే ఉంటుంది. వినపడాలనే సణిగాను.

ఆదివారం మధ్యాహ్నం అందరం చేరాం. వీడ్కోలుకి ఒట్టి చేతులతో ఎలా వెళతానని నేను తొక్కుడు లడ్డూ పొట్లం ఒకటి పట్టుకెళ్లాను, నెయ్యి కాగితం మీదికి ఊరుతోంది. హైమ చూసి మురిసిపోయి, అంతలోనే ముఖం ముడుచుకుంది. "ఇవి అక్కడి చెమ్మకి రెండ్రోజులు కూడా ఆగవండీ. డబ్బాలో చోటు లేదు" అంది. నా లడ్డూల కన్నా ఆ క్యాసెట్లు ఎక్కువయ్యాయా అని లోపల చివుక్కుమంది గాని పైకి నవ్వేశాను. శేషమ్మగారు కాఫీలిచ్చింది. మంది ఎక్కువయ్యామని ఉన్న పాలన్నీ అందులో పోసి, గిన్నె కడిగి బోర్లించడం నేను చూశాను. ఈ గిన్నె సంగతి గుర్తుంచుకోండి.

డానియేలు జేబులోంచి కొత్త క్యాసెట్టు ఒకటి తీశాడు. ముఖం వెలిగిపోతోంది. బెజవాడంతా గాలించి, ఎవరి దగ్గరో అదే జావళి, అదే పెద్దావిడ, అదే కచేరీ శుభ్రమైన రికార్డింగు సంపాదించాడట. గరగర లేదు, కాకి లేదు, పాలు లేవు. "ఇది పట్టుకెళ్లమ్మా, ఇంత మంచిది మనింట్లోనే లేదు" అని తనే మిషన్లో పెట్టాడు. అందరం ముందుకి వంగాం. ఇన్నేళ్ల తర్వాత ఆ కేక కింద ఏముందో తెలియబోతోంది!  చరణం వచ్చింది. ఇంతసేపూ ఎక్కడున్నావో నిజం చెప్పమని ఆవిడ అడిగింది. అడిగి, ఊరుకుంది. వయొలిన్ ఒక్కటే నాలుగు స్వరాలు సాగింది. తర్వాత ఆవిడ మళ్లీ అందుకుంది. అంతే. అక్కడ ఏమీ లేదు. ఇన్నేళ్లూ నేను దణ్ణం పెట్టుకున్న గొప్ప సంగతి, ఆ పెద్దావిడ ఊపిరి పీల్చుకోవడం!

"బాగుందండీ" అంది హైమ. డానియేలు మనసు నొప్పించడం ఇష్టంలేక మాటలు వెతుక్కుంటోంది. "చాలా బాగుంది. కానీ అన్నయ్యా, ఆవిడ అడిగితే ఎవరూ పలకలేదేమిటి?"

 గురువుగారు లేచి కొత్త క్యాసెట్టు తీసి, పాతది పెట్టి, మీట నొక్కి, "ఉక్కగా ఉంది, కాస్త గాలి పీల్చుకొస్తాను" అని వసారాలోకి వెళ్లారు. పాత టేపు గరగరమంటూ మొదలైంది. శేషమ్మగారు ఎప్పటిలాగే "మళ్లీ నా పరువు" అనుకుంటూ వంటింట్లోకి తప్పుకుంది. హైమ డబ్బా ఒళ్లో పెట్టుకుని, దాని మూత మీద వేళ్లతో తాళం వేస్తూ, కళ్లు మూసుకుని టేపు వెనకాలే సన్నగా పాడుకుంటోంది. అదే చివరిసారి వింటున్నట్టు వింటోంది. 

పల్లవి అయింది. చరణం ఎత్తుకుందో లేదో, పైన ఫ్యాను నెమ్మదించింది. టేపులో పెద్దావిడ గొంతు బొంగురుపోయి, మగగొంతై, మూలిగి, ఆగిపోయింది. కరెంటు పోవడం బందరుకి కొత్త కాదు. "ఛీ, ఇప్పుడే పోవాలా" అనబోయాను. డానియేలు నా తొడ గట్టిగా గిల్లాడు. మంట పుట్టేలా గిల్లాడు. అప్పుడు విన్నాను.

హైమ ఆగలేదు. టేపు గొంతు కిందికి జారిపోయిందిగాని హైమది జారలేదు. కళ్లు మూసుకునే ఉంది, వేళ్లు డబ్బా మీద తాళం వేస్తూనే ఉన్నాయి. ముందు నడిచే గొంతు లేదు గనక దారిలో ఎవరూ అడ్డం లేనట్టు మెల్లగా పెరిగింది ఆ పాట. ఎంత బాగుందో చెప్పలేను. నాలుగు గోడలూ నిండేలా పాడింది. అమ్మ దొంగా, ఇన్నేళ్లూ చాపలు దులిపి మమ్మల్నందరినీ మోసం చేశావా అనుకున్నాను. ఎక్కడ కళ్లు తెరిచి ఆపేస్తుందోనని మేం ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. పాట నడుస్తూ నడుస్తూ ఆ చోటికొచ్చింది. ఇంతసేపూ ఎక్కడున్నావో నిజం చెప్పమని అడిగింది. అడిగి, మా ఇంటి పద్ధతి ప్రకారం ఆగింది. కేక పట్టేంత ఖాళీ.

"ఏవండీ, పాలు పొంగుతున్నాయి!"

వంటింట్లోంచి శేషమ్మగారు. గొంతు కాస్త వణికింది, వయసు మీద పడింది గదా. కాని అదే ఎత్తు, అదే విసురు, సరిగ్గా అదే చోట. బోర్లించిన పాలగిన్నె నా కళ్ల ముందే ఉంది. పొంగడానికి ఆ ఇంట్లో చుక్క పాలు లేవు. ఆ మాటకు సిగ్గుపడి ఇన్నేళ్లూ పెరట్లోకి పారిపోయిన మనిషి, ఆ పూట తనంతట తానే అందించింది. హైమ పెదాల మీదికి చిరునవ్వొచ్చింది గాని కళ్లు తెరవలేదు. తర్వాతి మాట అందుకుని, పాట చివరిదాకా పాడి, పల్లవికి వచ్చి ముగించింది.

కళ్లు తెరిచేసరికి మేమంతా ఆ పిల్లనే చూస్తున్నాం. మిషన్ మీద ఎర్రదీపం ఆరిపోయి ఉంది.

"కరెంటు ఎప్పుడు పోయింది?" అంది.

"చరణం మొదట్లోనే" అన్నాడు డానియేలు. అతని కళ్లు తడిగా ఉన్నాయి. నావి లేవని చెప్పను.

"మరి ఇప్పటిదాకా పాడిందెవరు?"

ఆ ప్రశ్నకి అందరం ఒక్కసారి ఘొల్లుమన్నాం. శేషమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చి, నవ్వలేక నవ్వలేక అక్కడే చతికిలబడింది. "పిన్నిగారూ!" అని హైమ వెళ్లి ఆవిణ్ణి చుట్టేసుకుని, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా ఊగిపోయింది. ఇంతలో ఫ్యాను తిరగడం మొదలెట్టింది, మళ్లీ మూలగబోయిన టేపుని డానియేలు ఆపాడు, గురువుగారు వసారాలోంచి లోపలికొచ్చారు.

"ఏమిటి గోల? కరెంటు వచ్చిందా?" అన్నారు అమాయకంగా.

కిటికీ పక్కనే కూర్చున్నాను నేను. పక్కింటివాళ్ల ఫ్యాను మొదటినుంచీ తిరుగుతూనే ఉంది. మా మీటరు బోర్డు ఉండేది వసారాలో. దాని కింద, అందడానికి వేసుకున్నట్టు, ఒక ముక్కాలిపీట ఉంది. గురువుగారి చేతికి బూజు అంటుకుని ఉంది. "పోతే గదండీ రావడానికి" అనబోయి, ఆయన నాకేసి ఒక చూపు చూస్తే నోరు మూసుకున్నాను.

ఆ తర్వాత హైమను ఆపడం ఎవరి తరం కాలేదు. "ఇంకోటి పాడనా గురువుగారూ?" అంది. తోడి ఎత్తుకుంది. కాకి అరవాల్సిన చోట ఆగి మాకేసి చూసింది. తపాలాఫీసు ఉద్యోగి, చర్చిలో మర్యాదస్థుడు, డానియేలు మెడ సాచి "కావ్" అన్నాడు. ఇంకో టేపుకి ఉప్పమ్మేవాణ్ణి నేనే. "ఉప్పోయ్" అని నేనరిచిన అరుపుకి వీధిలో ఒకామె నిజంగానే ఆగి, బేరమాడదామని గుమ్మంలోకి తొంగి చూసింది. హైమ ఒక్కో పాటా టేపు లేకుండా పాడుతూ, ఒక్కో క్యాసెట్టూ డబ్బాలోంచి తీసి పక్కన పెడుతూ పోయింది. ఒకటి రెండు చోట్ల తడబడింది, దాటేసింది. చాపలు దులపమని ఎవరూ అనలేదు. సాయంకాలం ఎండ గుమ్మంలోకి వచ్చేసరికి క్యాసెట్లన్నీ నేల మీద ఉన్నాయి, డబ్బా ఖాళీగా ఉంది.

లేచి వెళ్లబోతూ ఆ పిల్ల డబ్బా కేసి చూసి తికమక పడింది. పొద్దున్నే పడవ. వచ్చిందే దీనికోసం.

"అసలు సంగతి చెప్పనే లేదు గురువుగారూ. ఇంతకీ ఇందులో ఏం పెట్టుకోను?"

గురువుగారు నేను తెచ్చిన పొట్లం వైపు చెయ్యి చూపించారు.

"లడ్డూలు పెట్టుకోవమ్మా. చెమ్మ తగిలితే పాడైపోయేవి అవే గదా."